సీఫాక్స్‌ని స్పీడుతో కొలవొద్దు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల గురించి ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికి అది స్పీడెంత, గన్నులెన్ని, శత్రు విమానాలు ఎన్ని కూల్చింది అన్న లెక్కల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ లెక్కల్లో ఫెయిరీ సీఫాక్స్ పేరు అసలు రాదు, వచ్చినా అట్టడుగునే ఉంటుంది. రెండు రెక్కల అంతస్తులు, కింద రెండు పెద్ద పడవల్లాంటి ఫ్లోట్లు, గంటకి 200 కిలోమీటర్ల స్పీడు, వెనకాల ఒకే ఒక్క లూయిస్ మెషిన్ గన్, ప్రోటోటైప్‌లతో కలిపి తయారైనవి 66 మాత్రమే. చూడగానే "ఇది యుద్ధానికి పనికొచ్చే విమానమేనా" అనేస్తారు. నాకు ఈ తీర్పు చాలాకాలంగా మింగుడుపడటం లేదు, ఎందుకంటే యుద్ధం మొదలైన మొదటి నాలుగు నెలల్లో సముద్రం మీద జరిగిన అతి పెద్ద పోరాటంలో, అంటే 1939 డిసెంబర్ నాటి ప్లేట్ నది పోరులో, గాల్లోకి లేచిన విమానం ఇదొక్కటే, అక్కడ ఇది చేసిన పని ఇంకే విమానమూ చెయ్యలేదు, చెయ్యడానికి ఇంకోటి అక్కడ లేదు కూడా.

అసలు దీన్ని ఎందుకు కట్టారో ముందు చెప్పాలి. 1930ల మొదట్లో యుద్ధనౌకలకి రాడార్ లేదు. ఓడ మీద ఎంత ఎత్తు స్తంభం ఎక్కి చూసినా భూమి గుండ్రం కాబట్టి కనుచూపు ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. నీటికి 30 మీటర్ల ఎత్తులో ఉన్న మనిషికి దిగంతం దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అదే మనిషిని 1000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తే 110 కిలోమీటర్లు దాటిపోతుంది. లెక్క ఇంతే, ఇందులో మాయ ఏమీ లేదు. అట్లాంటిక్ లాంటి సముద్రంలో ఒక్క ఓడ కోసం వెతుకుతున్న కెప్టెన్‌కి ఈ తేడా ఎంతో ఆలోచించండి. అందుకే బ్రిటిష్ నేవీ తన తేలికపాటి క్రూయిజర్ల మీద, అంటే మధ్యరకం యుద్ధనౌకల మీద, పెట్టుకోడానికి ఇద్దరు కూర్చునే, చుట్టుపక్కల చూసొచ్చి చెప్పే, ఓడ ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి సరిచేసే ఒక చిన్న ఫ్లోట్‌ప్లేన్ కావాలని అడిగింది. ఆ స్పెసిఫికేషన్ పేరు ఎస్.11/32. దానికి ఫెయిరీ కంపెనీ ఇచ్చిన జవాబే సీఫాక్స్, మొదటిసారి ఎగిరింది 1936 మే 27న, హ్యాంబుల్ ఫ్యాక్టరీలో కట్టారు, 1937 నుంచి ఓడల మీదకి వచ్చింది.

ఇది ఎలా పనిచేసేదో తెలిస్తే తప్ప దాని మీద గౌరవం రాదు. ఓడ మధ్యలో ఒక క్యాటపల్ట్ ఉంటుంది, అంటే పట్టాల లాంటి దూలం. దాని మీద బండిలో విమానాన్ని కూర్చోబెట్టి, ఇంజన్ ఫుల్లుగా తిప్పి, మందుగుండు పేల్చి ఆ విసురుతో సముద్రం మీదకి తోసేస్తారు. కొన్ని మీటర్ల దూరంలోనే ఎగిరే వేగం అందుకోవాలి, అందుకోకపోతే నీళ్లలోకే. ఇది తేలిక భాగం అనే చెప్పాలి. అసలు కష్టం తిరిగి రావడంలో ఉంది, ఎందుకంటే దిగడానికి రన్‌వే లేదు, ఉన్నది అలలు కొట్టే సముద్రం. ఓడ గట్టిగా ఒక పక్కకి మలుపు తిరుగుతుంది, ఆ మలుపు లోపలి వైపు కాసేపు నీళ్లు కాస్త చదునుగా పరుచుకుంటాయి, ఆ కొద్ది జాగాలో, ఆ కొద్ది టైంలో విమానం దిగాలి. దిగాక నీళ్ల మీద నడుచుకుంటూ ఓడ పక్కకి రావాలి. పైనుంచి క్రేన్ కొక్కెం ఊగుతూ ఉంటుంది. విమానంలో ఉన్నవాళ్లలో ఒకరు సీట్లోంచి లేచి పై రెక్క మధ్యకి ఎక్కి, ముందు ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతుండగానే, కింద విమానం ఒక లయలో పైన కొక్కెం ఇంకో లయలో ఊగుతుంటే దాన్ని చేత్తో పట్టుకుని రెక్క మీది రింగులో తగిలించాలి. చెయ్యి తప్పితే ఇనప కొక్కెం మొహానికి తగలొచ్చు, రెక్క ఓడ గోడకి గుద్దుకుని చిరిగిపోవచ్చు. యుద్ధం లేని రోజు కూడా ఇదే తంతు.

సీఫాక్స్‌లో పైలట్‌ది పైకప్పు లేని సీటు, వెనకాల కూర్చునే అబ్జర్వర్‌కి మాత్రం గాజు కప్పు ఉండేది. చూసేవాళ్లకి తిరకాసుగా అనిపిస్తుంది గానీ ఇందులో లెక్క ఉంది. పైలట్‌కి క్యాటపల్ట్ దగ్గరా, నీళ్ల మీద దిగేటప్పుడూ, కొక్కెం దగ్గరా నాలుగు వైపులా అడ్డం లేకుండా కనపడాలి. అబ్జర్వర్‌కి మ్యాపులు, పెన్సిళ్లు, రేడియో ఉంటాయి, గాలికి అవి కొట్టుకుపోకూడదు. అంటే ఆ విమానంలో అసలు ఆయుధం వెనక సీట్లో ఉన్న మనిషి కళ్లు, ఆయన చేతి కింది రేడియో. డిజైన్ చేసినవాళ్లకి ఈ సంగతి స్పష్టంగా తెలుసు, మనమే మర్చిపోయి గన్నులు లెక్కపెడుతున్నాం.

దీనికి లోపాలు లేవని నేను చెప్పట్లేదు. పెద్ద లోపం ఇంజన్. నేపియర్ రేపియర్ అని 16 సిలిండర్ల ఇంజన్, హెచ్ అక్షరం ఆకారంలో సిలిండర్లు పేర్చి గాలితో చల్లబరిచే రకం, దాని శక్తి 395 హార్స్ పవర్ మాత్రమే. నిండా సరుకుతో 2400 కిలోలు దాటే విమానానికి అది బక్క ఎద్దుకి నిండు బండి కట్టినట్టే. ఇంజన్ సరిగ్గా చల్లబడేది కాదు, నీళ్ల మీద దిగే వేగం అనుకున్నదానికన్నా ఎక్కువ ఉండేది. ఇవన్నీ నిజాలే. కానీ ఆ ఇంజన్ తప్పుని మొత్తం విమానం ఖాతాలో, అది చేసిన పని ఖాతాలో వేసేస్తేనే నాకు అభ్యంతరం.

ఇప్పుడు అవతలి పక్షానికి వద్దాం, ఎందుకంటే సీఫాక్స్ విలువ తెలియాలంటే ముందు శత్రువు దగ్గర ఏం లేదో చూడాలి.

జర్మన్ పాకెట్ బ్యాటిల్‌షిప్, అంటే క్రూయిజర్ సైజులో ఉండి అంతకన్నా పెద్ద ఫిరంగులున్న యుద్ధనౌక, అడ్మిరల్ గ్రాఫ్ స్పే, కెప్టెన్ హాన్స్ లాంగ్స్‌డార్ఫ్. ఆరు 28 సెంటీమీటర్ల ఫిరంగులు. యుద్ధం ప్రకటించే ముందే సముద్రంలోకి వచ్చి దక్షిణ అట్లాంటిక్, హిందూ మహాసముద్రం అంతా తిరుగుతూ తొమ్మిది వాణిజ్య నౌకలని ముంచింది, మొత్తం 50 వేల టన్నుల పైమాటే, ఆ తొమ్మిది ఓడల సిబ్బందిలో ఒక్కరి ప్రాణం కూడా తియ్యలేదు, ఈ విషయంలో లాంగ్స్‌డార్ఫ్‌కి శత్రువులు కూడా దండం పెట్టారు. ఈ ఓడ మీద కూడా ఒక ఫ్లోట్‌ప్లేన్ ఉండేది, ఆరాడో 196. సీఫాక్స్ కన్నా చాలా కొత్తది, ఒకే రెక్క, గంటకి 300 కిలోమీటర్లు దాటే స్పీడు. లిస్టులు రాసేవాళ్లు ఎవర్ని అడిగినా సీఫాక్స్ పక్కన దీన్ని పెట్టి నవ్వుతారు.

ఆ ఆరాడో ఎంత పని చేసిందో చూడండి. 1939 సెప్టెంబర్ 11న గ్రాఫ్ స్పే తన సరఫరా ఓడ ఆల్ట్‌మార్క్ నుంచి సామాను ఎక్కించుకుంటోంది, చేతులు కట్టేసినట్టున్న పరిస్థితి. చుట్టూ చూసిరమ్మని పంపిన ఆరాడోకి బ్రిటిష్ క్రూయిజర్ కంబర్లాండ్ ఇటే వస్తూ కనపడింది. విమానం వెనక్కొచ్చి చెప్పింది, రెండు ఓడలూ దిశ మార్చుకుని జారుకున్నాయి, కంబర్లాండ్‌కి పక్కనే ఇంత పెద్ద శత్రువు ఉన్న సంగతే తెలీదు. ఆ రోజు ఒక్క గుండు పేలకుండా గ్రాఫ్ స్పేని కాపాడింది ఆ విమానమే. తర్వాత సెప్టెంబర్ 30న బ్రెజిల్ తీరం దగ్గర మొదటి బలి క్లెమెంట్ అనే ఓడ మీదకి వెళ్లి మెషిన్ గన్‌తో కాల్చి ఆపించింది కూడా అదే.

డిసెంబర్ 11న ఆ ఆరాడో పాడైపోయింది. ఇంజన్ బ్లాక్ పగిలింది, సముద్రం మధ్యలో బాగుచేసే దారి లేదు. ఓడ యథావిధిగా ముందుకి సాగింది, ఫిరంగులన్నీ బాగానే ఉన్నాయి, ఇంజన్లు అప్పటికే రిపేరు అడుగుతున్నా నడుస్తున్నాయి. పైకి చూస్తే ఏమీ తగ్గలేదు. రెండు రోజుల తర్వాత, 13వ తేదీ తెల్లారుజామున, గ్రాఫ్ స్పే స్తంభం మీద ఉన్న కాపలావాళ్లకి దూరంగా ఓడల స్తంభాల కొనలు కనపడ్డాయి. బ్రిటిష్ వాళ్లు ఇంకా గ్రాఫ్ స్పే పొగ కూడా చూడలేదు. అంటే ముందు చూసింది లాంగ్స్‌డార్ఫే. కానీ ఏం చూశాడు? ఒక క్రూయిజర్, దాని పక్కన డిస్ట్రాయర్లు అనే చిన్న యుద్ధనౌకలు రెండు, వెనకాల ఏదో కాన్వాయ్, అంటే కాపలాతో వెళ్లే వాణిజ్య నౌకల గుంపు, ఉండొచ్చు అనుకున్నాడు. నిజానికి అక్కడ ఉన్నవి మూడు క్రూయిజర్లు: ఎక్సెటర్, ఏజాక్స్, అకిలీస్. కాన్వాయ్ లేదు. యుద్ధనౌకలతో తలపడొద్దని ఆయనకి ముందునుంచీ ఆదేశం ఉంది, సెప్టెంబర్‌లో కంబర్లాండ్ కనపడినప్పుడు తప్పుకున్నది కూడా అందుకే. ఈసారి మాత్రం ఎదురెళ్లాడు. నా వాదనలో సగం ఇక్కడే ఉంది. సెప్టెంబర్‌లో ఉన్న విమానం డిసెంబర్‌లో ఉండి ఉంటే, తెల్లారకముందే ఒక చుట్టు తిరిగి "మూడూ క్రూయిజర్లే, కాన్వాయ్ లేదు" అని చెప్పి ఉంటే, ఆయన మొదటిసారి చేసిందే మళ్లీ చేసేవాడని నమ్మడానికి గట్టి ఆధారం ఆయన చేసిన పనే. 300 కిలోమీటర్ల స్పీడున్న మంచి విమానం పాడై డెక్ మీద పడి ఉంది, 200 కిలోమీటర్ల నాసి విమానం ఏజాక్స్ క్యాటపల్ట్ మీద సిద్ధంగా ఉంది. ఆ ఉదయానికి ఈ రెండిట్లో మంచిది ఏదో మీరే చెప్పండి.

కమొడోర్ హెన్రీ హార్వుడ్ ఏజాక్స్ మీద ఉన్నాడు. ఉరుగ్వే, అర్జెంటీనాల మధ్య ప్లేట్ నది సముద్రంలో కలిసే చోటుకి ఈ దొంగ ఓడ వస్తుందని లెక్కేసి ముందే వచ్చి కాపు కాసింది ఆయనే. 6:10 దాటాక పొగ కనపడితే చూసిరమ్మని ఎక్సెటర్‌ని పంపాడు, కాసేపట్లో అది పాకెట్ బ్యాటిల్‌షిప్ అని కబురు వచ్చింది, ఆ వెంటనే గ్రాఫ్ స్పే కాల్పులు మొదలుపెట్టింది. గ్రాఫ్ స్పే గుండ్లలో ఎక్కువ భాగం ఎక్సెటర్ మీదే పడ్డాయి. ఎక్సెటర్ మీద రెండు వాల్రస్ విమానాలు ఉండేవి, తునకలు తగిలి రెండూ చిరిగిపోయి పెట్రోల్ కారడం మొదలైంది, మంటలంటుకుంటాయని రెండిట్నీ సముద్రంలోకి తోసేశారు. అంటే పోరు మొదలైన కాసేపటికే బ్రిటిష్ పక్షంలో కూడా విమానాల లెక్క కుదించుకుపోయింది.

6:37కి ఏజాక్స్ తన సీఫాక్స్‌ని వదిలింది. పైలట్ లెఫ్టినెంట్ లూయిన్, అబ్జర్వర్ లెఫ్టినెంట్ కియర్నీ. క్యాటపల్ట్ ఓడ మధ్యలో ఉంటుందని చెప్పా కదా, దాని వెనకున్న రెండు టరెట్లు (ఫిరంగులుండే తిరిగే గూళ్లు), ఎక్స్, వై, ఆ టైంలో ముందు వైపుకి తిరిగి కాలుస్తున్నాయి. అంటే పెట్రోల్ నింపుకున్న, రెక్కలకి గుడ్డ తొడుక్కున్న విమానం పక్కనుంచి ఆరంగుళాల ఫిరంగుల పేలుడు గాలి వస్తోంది. ఆ విసురుకి రెక్కల గుడ్డ చిరగొచ్చు, విమానం క్యాటపల్ట్ మీదే ముక్కలవ్వొచ్చు. రెండు పేలుళ్ల మధ్య సందు చూసుకుని దాన్ని గాల్లోకి విసరాలి. హార్వుడ్ తన అధికారిక నివేదికలో మిగతా విషయాలు పొడిపొడిగా రాసుకుంటూ పోయినా ఇక్కడ ఆగి మెచ్చుకున్నాడు. ఆయన ఊరికే మెచ్చుకునే రకం కాదు.

సీఫాక్స్‌ని తక్కువ చేసేవాళ్ల దగ్గరున్న బలమైన పాయింట్ ఒకటుంది, దాన్ని దాటవేస్తే నా వాదన నిలబడదు. లేచిన తర్వాత పన్నెండు నిమిషాల పాటు విమానానికీ ఓడకీ మధ్య మాటల్లేవు. విమానంలో రేడియో నిఘాకి వాడే ఫ్రీక్వెన్సీ మీద పెట్టి ఉంది, ఓడ ఫిరంగుల సవరణకి వాడే ఫ్రీక్వెన్సీలో వింటోంది. 6:49కి గానీ కలవలేదు. కలిశాక ఇంకో తలనొప్పి. ఏజాక్స్, అకిలీస్ రెండూ ఒకే లెక్క ప్రకారం కలిపి కాల్చాలని ఏర్పాటు, ఆ రెండు ఓడల మధ్య రేడియో లింకు మధ్యలో తెగిపోయింది, అకిలీస్ సొంతంగా కాల్చడం మొదలుపెట్టింది, ఏజాక్స్‌కి ఆ సంగతి తెలీదు. పైనున్న కియర్నీకి కిందపడే నీటి స్తంభాలు ఏ ఓడవో తెలిసే అవకాశం లేదు. అకిలీస్ గుండ్లు దగ్గర్లో పడుతుంటే "తక్కువ పడుతున్నాయి" అని చెప్పాడు, ఏజాక్స్ అవి తనవే అనుకుని దూరం పెంచింది, తన గుండ్లు శత్రువుని దాటి అవతల పడటం మొదలైంది. 7:08 ప్రాంతానికి గానీ ఈ చిక్కు విడలేదు. ఇరవై నిమిషాల పాటు విమానం చెప్పిన నిజమే ఓడని తప్పుదారి పట్టించింది.

దీన్ని చూపించి "చూశారా, పనికిరాలేదు" అంటారు. నేను ఇదే సంఘటనని ఇంకోలా చదువుతా. కియర్నీ చూసింది సరిగ్గానే చూశాడు, చెప్పింది సరిగ్గానే చెప్పాడు, విరిగింది మధ్యలో వైరు. కన్ను ఎంత బాగా చూసినా ఆ చూపుని చేరవేసే దారి ముందే సిద్ధం చేసుకోకపోతే అంతే, అది ఆ రోజు ఓడల మీద ఉన్న సిగ్నల్ ఏర్పాట్ల లోపం. పైగా చిక్కు విడిపోయాక ఏజాక్స్ కాల్పులు వెంటనే మెరుగయ్యాయి, ఆ ముక్క ఎవ్వరూ చెప్పరు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 7:25కి ఒక 28 సెంటీమీటర్ల గుండు ఏజాక్స్ వెనక భాగంలోంచి దూసుకెళ్లి ఎక్స్, వై టరెట్లు రెండిట్నీ మూగబెట్టింది. ఓడ బలం సగానికి పడిపోయింది. 7:31కి సీఫాక్స్ నుంచి కబురు: టార్పెడోలు వస్తున్నాయి, అవి మీ ముందునుంచి దాటిపోతాయి. కింద ఓడ మీద అంత పొగలో, అన్ని నీటి స్తంభాల మధ్య టార్పెడో గీత కనపడటం చాలా కష్టం, పైనుంచి నీళ్లలో తెల్లటి గీత చక్కగా కనపడుతుంది. హార్వుడ్ అయినా సాహసం చెయ్యకుండా ఓడని పక్కకి తిప్పేశాడు. ఇలాంటి పనికి ఏ లిస్టులోనూ మార్కులు పడవు. ఏమీ జరగలేదు కాబట్టి, ఏ ఓడా మునగలేదు కాబట్టి, రాసుకోడానికి ఏమీ ఉండదు.

7:40కి హార్వుడ్ పొగ తెర వేసుకుని వెనక్కి తగ్గాడు, రాత్రికి మళ్లీ దగ్గరవ్వచ్చని. ఎక్సెటర్ అప్పటికే టరెట్లన్నీ పోగొట్టుకుని, 61 మంది చనిపోయి, కుంటుకుంటూ ఫాక్‌లాండ్ దీవుల వైపు వెళ్తోంది, ఏజాక్స్‌కి కంటికి కనపడట్లేదు. దాని దగ్గరికి వెళ్లి పరిస్థితి కనుక్కునే పని కూడా సీఫాక్స్ మీదే పడింది, వెళ్లి చూసి, బాగా దెబ్బతిందని కబురు తెచ్చింది. 9:12కి ఏజాక్స్ దాన్ని నీళ్లలోంచి ఎత్తుకుంది. అప్పటికి రెండున్నర గంటలకి పైగా గాల్లో ఉంది, కింద సముద్రంలో ఇంకా శత్రువు ఉన్నాడు, ఆ పరిస్థితిలో ఓడ స్పీడు తగ్గించి మలుపు తిరిగి కొక్కెం దింపిందంటే ఆ విమానం మళ్లీ కావాలని హార్వుడ్‌కి తెలుసు. మొత్తం పోరులో బ్రిటిష్ పక్షాన 72 మంది, జర్మన్ పక్షాన 36 మంది చనిపోయారు.

గ్రాఫ్ స్పే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో రేవులోకి వెళ్లింది. తటస్థ దేశం కాబట్టి 72 గంటలే గడువు ఇచ్చారు. ఆ మూడు రోజులూ బ్రిటిష్ వాళ్లు ఆడిన నాటకం అందరికీ తెలిసిందే, ఆర్క్ రాయల్, రినౌన్ లాంటి పెద్ద ఓడలు బయట కాచుకుని ఉన్నాయని పుకార్లు పుట్టించారు. నిజంగా వచ్చి చేరింది ఒక్క కంబర్లాండే, సెప్టెంబర్‌లో ఏమీ తెలియకుండా పక్కనుంచి వెళ్లిపోయిన అదే కంబర్లాండ్. లాంగ్స్‌డార్ఫ్ ఆ పుకార్లని నమ్మాడు. ఎందుకు నమ్మాడు అన్న ప్రశ్నకి చాలామంది గూఢచర్యం గొప్పతనం గురించి చెప్తారు, నేను మాత్రం డెక్ మీద పడి ఉన్న, పోరులో కాలిపోయిన ఆరాడో అస్థిపంజరం వైపు చూపిస్తా, మాంటెవిడియోలో తీసిన ఫోటోల్లో అది కనపడుతుంది. ఆకాశంలోంచి ఒక్కసారి చూసి రాగలిగే విమానం సొంతంగా ఉంటే బయట ఎన్ని ఓడలున్నాయో పుకార్ల మీద ఆధారపడే అవసరం ఎంతవరకు వచ్చేది?

17వ తేదీ సాయంత్రం గ్రాఫ్ స్పే రేవు దాటింది. ఒడ్డున వేలాదిమంది జనం, బయట మూడు క్రూయిజర్లు మళ్లీ పోరుకి సిద్ధం. హార్వుడ్ ముందుగా పంపింది సీఫాక్స్‌నే. పైనుంచి చూస్తే ఓడ లోతు లేని నీళ్లలో ఆగి ఉంది, సిబ్బంది దిగిపోతున్నారు. 8:54కి విమానం నుంచి కబురు వచ్చింది, గ్రాఫ్ స్పే తనని తాను పేల్చేసుకుంది. ఒక్కసారి ఆ క్రూయిజర్ల మీద ఉన్నవాళ్ల వైపునుంచి ఆలోచించండి. నాలుగు రోజుల క్రితం తోటివాళ్లని పోగొట్టుకున్నారు, ఏజాక్స్‌కి సగం ఫిరంగులు పనిచెయ్యవు, ఆ చీకట్లో 28 సెంటీమీటర్ల ఫిరంగులకి ఎదురెళ్లాలి అనుకుంటున్నారు. ఆ కబురు వచ్చాక ఎవరూ చావక్కర్లేదు. లాంగ్స్‌డార్ఫ్ మాత్రం తన మనుషుల్ని ఒడ్డుకి చేర్చి, బ్యూనస్ ఎయిరెస్‌లో ప్రాణం తీసుకున్నాడు. లూయిన్‌కి డిఎస్‌సి అనే బ్రిటిష్ శౌర్య పతకం ఇచ్చారు. కియర్నీ పేరు నివేదికలో ప్రస్తావించారు, అంతే. ఇది కూడా నాకు నచ్చని విషయమే. కళ్లూ, రేడియో, పెన్సిలూ వెనక సీటువి, పతకం ముందు సీటుకి.

వైజాగ్ బీచ్ రోడ్డులో టియు-142 మ్యూజియం దగ్గర నిలబడితే ఇదే ఆలోచన వస్తుంది నాకు. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు, మొదట గోవా నుంచి, తర్వాత అరక్కోణం నుంచి ఎగిరి మన సముద్రాలని చూసిన విమానం అది. చూడ్డానికి వచ్చే పిల్లలు ముందు అడిగేది "ఇది ఎన్ని బాంబులు వేసింది" అనే, పెద్దవాళ్లు కూడా పక్కనున్న కురుసురా సబ్‌మెరైన్‌కి ఇచ్చినంత టైం దీనికి ఇవ్వరు. వెళ్లి, చూసి, వచ్చి చెప్పడం అనే పనికి మన దగ్గర కథ లేదు. కథ లేదు కాబట్టి గౌరవం లేదు.

అదే వైజాగ్ మీద, కాకినాడ మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయి, ర్యుజో అనే క్యారియర్ (విమానవాహక నౌక) నుంచి వచ్చిన విమానాలు అవి. ఆ వారం బంగాళాఖాతం మొత్తంలో ఎవరు ఎవర్ని ముందు చూశారు అన్నదాని మీదే అన్నీ నడిచాయి. ఏప్రిల్ 9న సిలోన్ తూర్పు తీరంలో బ్రిటిష్ క్యారియర్ హెర్మిస్‌ని మొదట పట్టుకున్నది హరూనా అనే జపాన్ యుద్ధనౌక నుంచి ఎగిరిన ఒక చిన్న ఫ్లోట్‌ప్లేనే, తర్వాత బాంబర్లు వచ్చి గంటల్లో ముంచేశాయి. చరిత్రలో బాంబర్ల పేర్లు ఉంటాయి. అంతకుముందు 1940 ఏప్రిల్ 13న నార్వేలోని నార్విక్ దగ్గర వార్‌స్పైట్ నుంచి ఎగిరిన ఒక ఫ్లోట్లున్న స్వోర్డ్‌ఫిష్ ఇరుకు సముద్రపు పాయలో జర్మన్ డిస్ట్రాయర్లు ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో చెప్తూ, మధ్యలో యు-64 అనే సబ్‌మెరైన్‌ని కూడా బాంబులేసి ముంచేసింది. ఆ రోజుతో అక్కడున్న డిస్ట్రాయర్లన్నీ పోయాయి. ఇలా రాసుకుంటూ పోతే చాలా ఉన్నాయి గానీ సీఫాక్స్ దగ్గరకి వచ్చేస్తా.

1943 నాటికి సీఫాక్స్ పని అయిపోయింది. క్రూయిజర్ల మీద, సాయుధ వాణిజ్య నౌకల మీద, చివర్లో అబ్జర్వర్ల ట్రైనింగ్‌లో వాడి పక్కన పెట్టేశారు. రాడార్ వచ్చాక రాత్రీ పగలూ, మబ్బులో కూడా చూసే కన్ను ఓడ మీదే ఉంది, క్యాటపల్ట్‌కి, పెట్రోల్‌కి, క్రేన్‌కి పట్టే చోటు విమాన విధ్వంసక గన్నులకి కావాల్సి వచ్చింది. ఇది న్యాయమైన ముగింపే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఒక సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు: ప్లేట్ నది పోరు జరిగిన రోజు రాడార్ ఉన్నది గ్రాఫ్ స్పే మీదే. దూరం కొలిచే సీటాక్ట్ అనే సెట్. బ్రిటిష్ క్రూయిజర్ల మీద లేదు. మాంటెవిడియో బయట లోతు లేని నీళ్లలో ఆ శిథిలం నిలబడి ఉంటే బ్రిటిష్ వాళ్లు మధ్యవర్తి ద్వారా దాన్ని కొనుక్కుని, నిపుణుడిని పంపి ఆ యాంటెన్నాని చూపించారు. అంటే ఆ ఉదయం కొత్త టెక్నాలజీ ఓడిన పక్షం దగ్గర ఉంది, కొత్త విమానమూ ఓడిన పక్షం దగ్గరే ఉంది, పెద్ద ఫిరంగులూ అక్కడే ఉన్నాయి. గెలిచిన పక్షం దగ్గర అదనంగా ఉన్నవి రెండే, ఎక్కువ ఓడలు, ఎగరగలిగిన ఒక విమానం.

ఆ ఎక్కువ ఓడల్లో ఒకటి, అకిలీస్, మనకి చేరింది. 1948 జులై 5న భారత నౌకాదళం దాన్ని తీసుకుని ఢిల్లీ అని పేరు పెట్టింది, స్వతంత్ర భారత నౌకాదళంలో మొదటి క్రూయిజర్. అది మన దగ్గరికి వచ్చినప్పుడు ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ రామ్‌దాస్ కటారి, హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి, 1958లో నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు. 1961లో గోవా విముక్తి సమయంలో ఈ ఓడ దీవ్ కోట మీద కాల్పులు జరిపింది, 1978 దాకా సేవలో ఉంది. గ్రాఫ్ స్పే మీద గుండ్లు కాల్చిన ఓడ మన జెండా కింద ముప్పై ఏళ్లు తిరిగిందని మనలో ఎంతమందికి తెలుసు? దాని గుండ్లు ఎక్కడ పడుతున్నాయో ఆ ఉదయం ఆకాశంలోంచి చూసినవాడు ఒక్కడే, సీఫాక్స్ వెనక సీట్లో కూర్చున్న కియర్నీ. ఇప్పుడు వెళ్లి చూద్దామంటే ఏ మ్యూజియంలోనూ పూర్తి సీఫాక్స్ ఒక్కటీ మిగల్లేదు. ఈసారి ఎవరైనా పనికిరాని విమానాల లిస్టు తయారుచేసి అందులో దీని పేరు పెడితే, 7:31కి ఏజాక్స్‌కి అందిన ఆ టార్పెడో కబురు ఇంకెవరు పంపేవారో దాని పక్కన రాయమనండి.